మలపరీక్షయు మన సిగ్గును
(సంఘ వార్షిక మహాసభలో రెండవనాఁటి యపరాహ్ణమున నొసఁగిన యుపన్యాసము)



ఈ సభలో నాకుఁ గొన్నేండ్లుగా నొక వాడుక యేర్పడియున్నది. ప్రతి సంవత్సరమును కార్యదర్శిగారు నన్ను లేపి, “మాస్టారూ, మన కులపురాణమును గుఱించి నాలుగు మాటలు సెలవిండు” అందురు. నేను భావనాఋషి చరిత్రమునో, మార్కండేయుని వంశక్రమమునో యెత్తుకొని భోజనపు గంట మ్రోఁగువఱకును చెప్పుచుందును. ఈ యేఁడు వేఱొక విషయమును బ్రస్తావించెదనని ముందుగానే వ్రాసితిని. విషయమేమని వారడిగిరి. మలపరీక్ష యని ప్రత్యుత్తరమిచ్చితిని. వారు రెండు దినములు మౌనము వహించి, తుదకు, “భోజనములైన పిమ్మటఁ జెప్పిన బాగుండునేమో” యని వ్రాసిరి. భోజనములైనవి. కావున మొదలుపెట్టెదను.

నేను వైద్యుఁడను గాను. బాలురకు శబ్దములును సంధులును జెప్పి వృద్ధుఁడనైన బడిపంతులను. అయినను ఈ విషయమున మాటలాడుటకు నాకొక యధికారము గలదు. అది మా పెద్దన్నగారివలన సంక్రమించినది.

మా యన్నగారు నలువది సంవత్సరములు మగ్గపు గుంటలో కాళ్లు పెట్టుకొని నేసినవారు. ఏఁబదియెనిమిదవ యేఁట నొకనాఁడు విరేచనములో నెత్తురు పడినదని వదినెగారితోఁ జెప్పిరి. గుంటమగ్గముపై నింతకాలము కూర్చున్నవానికి మొలలు రాక మానునా యని మేమందఱము నొక్కమాటగా ననుకొంటిమి. మా వీథిలోని ముసలివారు కరక్కాయ చూర్ణము చెప్పిరి. పట్టణములో నొక వైద్యుఁడు, పరుండఁబెట్టి చూడకయే, మొలలకుఁ బూసుకొను మందు వ్రాసియిచ్చెను. నెత్తురొక వారము కనఁబడును, రెండు నెలలు కనఁబడదు. కనఁబడనప్పుడు మందు పనిచేసినదని సంతోషించితిమి. ఇట్లు ఏఁడాదిన్నర గడచెను. మనిషి చిక్కెను, పాలిపోయెను, మెట్లెక్కిన నాయాసపడుచుండెను. తుదకుఁ గడుపుబ్బి, ప్రేగు మూసికొనిపోయి, హైదరాబాదునకుఁ దీసికొనిపోవునప్పటికి కాన్సరు కాలేయమునకుఁ బ్రాకియుండెను. తరువాత నాలుగు నెలలు బ్రదికిరి. ఆ పట్టణవైద్యునిఁ దప్పుపట్టుట నా యుద్దేశము గాదు. ఆయన యొక్కమాఱు చూచినాఁడు. నేను దినదినమును జూచితిని. నేను చదువుకొన్నవాఁడను, పుస్తకము తెఱచి చూడఁగలవాఁడను. నేనును మొలలే యంటిని.

ఇఁక వ్యాధిస్వరూపము. మన పూర్వులు రాచపుండను పేరఁ బిలిచిన కాన్సరు పెద్దప్రేగునఁ గాని, దాని చివరిభాగమైన మలాశయమునఁ గాని పుట్టుట యీ రోగము. 2022వ సంవత్సరమున లోకమంతట సుమారు 19 లక్షలమందికి నిది క్రొత్తగాఁ గనుఁగొనఁబడెను. 9 లక్షలమంది దీనిచే మరణించిరి. మన దేశమున నా యేఁట నిట్టివారు రమారమి 70 వేలమంది. జనసంఖ్యతోఁ బోల్చిన నిది పాశ్చాత్యదేశములకంటెఁ జాలఁ దక్కువయే. ఈ మాటను నేను దాఁచను. దాఁచి మిమ్ము భయపెట్టి పని చేయించుట నాకిష్టము లేదు. కాని తక్కువ యనఁగా లేదని యర్థము గాదు. మఱియు మన పిల్లలు లెక్కకు మించి వలసపోయిన యమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములలో నిది సాధారణవ్యాధి.

ఈ వ్యాధికిఁ బెక్కు కాన్సరులకు లేని సుగుణమొకటి కలదు, వ్యాధికి సుగుణమనవచ్చునేని. ఇది ప్రాయికముగా నొక్కసారి పుట్టదు. ప్రేగు లోపలి పొరపై మొదట పాలిప్ అను చిన్న కండపిలక లేచును. పిలకలన్నియుఁ గాన్సరులు గావు. కొన్ని మాత్రము మెల్లమెల్లఁగా, తఱచుగాఁ బదియేండ్లకుఁ బైగాఁ గాలము తీసికొని, యట్లు మాఱును. ఈ దీర్ఘకాలములో మనిషికి నొప్పి యుండదు, జ్వరముండదు. ఆ పిలకనుండియో, తొలి పుండునుండియో యప్పుడప్పుడు నెత్తురు మాత్రము చెమ్మగిల్లును. కంటికిఁ గనఁబడనంత స్వల్పముగా మలములోఁ గలసి పోవుచుండును. ఆ కనఁబడని నెత్తురును బట్టుటయే నేఁడు నేను చెప్పవచ్చిన మలపరీక్ష. పడుగులో నొక పోగు తెగిన నప్పుడే యతుకుదుము గాని, చీర మడతపెట్టునప్పుడు చూతమని యూరకుండుదుమా?

ఇచట నేను కొంచెము నిలువవలసియున్నది. ఏలయనఁగా ముందు వరుసలోని పెద్దలు కొందఱు తల వంచుకొన్నారు. మలమును జూచుట, తాఁకుట, దానినొక సీసాలోఁ బెట్టి యెవరికో పంపుట మన యాచారమునకుఁ దగునా యని వారి సందేహము. వారికి నేను సంస్కృతపండితునిగానే సమాధానము చెప్పెదను. మనుస్మృతి మానవదేహమునకుఁ బండ్రెండు మలములని పేరుపేరునను లెక్కించినది; లెక్కించుటకు సిగ్గుపడలేదు. మన వైద్యులు రోగిని బరీక్షించుటకుఁ జెప్పిన యష్టస్థానములలో నాడి, మూత్రము, తరువాతిది మలమే. జిహ్వయు దృష్టియు వెనుక వచ్చినవి. మలమును నీటిలో వేసి, మునిఁగిన నది యామమనియు, తేలిన పక్వమనియు నిర్ణయించు పద్ధతి మన యాయుర్వేదగ్రంథములలోఁ గలదు. శౌచము నంతగా నియమించినవారే మలపరీక్షను శాస్త్రముగా నంగీకరించిరి. శౌచమనఁగాఁ గడుగుకొనుట, కన్నులు మూసికొనుట గాదు.

ఈ పరీక్ష పుట్టుకయు వినఁదగినది. వెస్టిండీసు దీవులలో గ్వాయక మనెడు వృక్షము కలదు. దాని బంకలో హైడ్రోజన్ పెరాక్సైడు కలిపి నెత్తుటికిఁ దగిలించిన నీలివర్ణము పుట్టును. 1864లోనే వాన్ డీన్ అను నాతఁడు నెత్తుటి జాడ తీయుట కీ బంకను వాడెను. నూఱేండ్లు గడచిన పిమ్మట, 1967లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున గ్రీగర్ అను వైద్యుఁడు, ఏ బాధయు లేని రోగుల చేతికి బంక పూసిన చీట్లనిచ్చి, యింటిలోనే మలమును రాచి తెచ్చునట్లు చేసి, దాఁగియున్న కాన్సరులను గనుఁగొన్నట్లు ప్రకటించెను. అంతవఱకు నాసుపత్రిలోఁ జేయు పనిని గృహస్థుని చేతికిచ్చుటయే యాయన చేసిన క్రొత్త పని. పిమ్మట మిన్నెసోటా రాష్ట్రమునఁ 46,551 మందిని బరీక్షలోఁ జేర్చి యేండ్లతరబడి గమనించిరి. ఏఁటేఁటఁ బరీక్షించుకొన్నవారిలో నీ కాన్సరు మరణములు మూఁడవవంతు తగ్గినవని 1993లో లోకమునకుఁ దెలిసెను. ముప్పదియేండ్ల పిమ్మట లెక్కచూచినప్పటికిని ఆ లాభము నిలిచియుండెను. ఇంటిలోఁ జేసికొను నింత యల్పమైన పని యింత ఫలమిచ్చినదని నేను చదివినప్పుడు మా యన్నగారు జ్ఞప్తికి వచ్చిరి.

ఆ బంకపరీక్షకు లోపములుండెను. మాంసమందలి నెత్తురును, ముల్లంగిని గూడ నది మనుష్యరక్తమని భ్రమించును. అందుచేఁ బత్యము విధించిరి, మూఁడు దినముల మలమును రాయుమనిరి, జనులు విసిగిరి. ఇప్పుడు వచ్చిన ఫిట్ అను పరీక్ష వేఱు. ఇది మనుష్యరక్తమందలి గ్లోబిన్ అను మాంసకృత్తును మాత్రమే గుర్తించును. పత్యము లేదు. సాధారణముగా నొక్క దినపు మలము చాలును. పైకడుపులో నెత్తురు పడినను దారిలో నా మాంసకృత్తు జీర్ణమైపోవును గావున, పరీక్షకుఁ జిక్కునది ప్రాయికముగాఁ బెద్దప్రేగు నెత్తురే. జపాను దేశము 1992లోనే దీనిని దేశమంతటఁ బ్రవేశపెట్టెను. ఇంగ్లండు 2006లో బంకచీట్లతో మొదలుపెట్టి, 2019లో ఫిట్‌నకు మాఱెను.

ఆ పరికరమును నేను గన్నులారఁ జూచితిని. మా మేనల్లుఁడు లెస్టరు పట్టణములో నున్నాఁడు, ఏఁబదినాలుగేండ్లవాఁడు. నేనక్కడ రెండు నెలలున్నప్పుడు తపాలాలో వానికొక కవరు వచ్చెను. అందులో వ్రేలెడంత సీసా. దాని మూఁతకు లోపల నొక సన్నని పుల్ల. పుల్ల చివర గాట్లు. ఆ గాట్లు నిండునంత మలమును గీఁచి, సీసాలో గ్రుచ్చి, మూఁత బిగించి, తేదీ వ్రాసి, వారిచ్చిన కవరులోనే మఱల తపాలాపెట్టెలో వేయవలెను. తపాలా ఖర్చును లేదు. మావాఁడు దానిని సొరుగులోఁ ద్రోసి, “మామయ్యా, దేవుని మందిరమున్న యింటిలో నీ పని యెట్లు చేయుదును?” అనెను. వాని భార్య వంటయింటినుండి విని, “బిడ్డల గుడ్డలు మార్చినప్పుడు దేవుఁడు ఇల్లు విడిచి పోయినాఁడా?” అనెను. మేమిరువురమును మాటాడలేదు. మఱునాఁడు సీసా తపాలాలోఁ బడెను.

ఫలితమున నెత్తురున్నట్లు వచ్చినది. ఒక నర్సు పిలిచి మాటాడినది. పిదపఁ గొలనోస్కోపీ చేసిరి. రెండు పిలకలు కనఁబడినవి. ఒకటి కందిగింజంత, రెండవది పెద్దదై, మాఱుటకు సిద్ధముగా నున్నదఁట. రెండింటిని నా గొట్టముతోనే యక్కడికక్కడఁ దీసివేసిరి. కోఁత లేదు, కుట్టు లేదు. సాయంకాలమునకు మావాఁ డింటికి వచ్చి పెఱుగన్నము తినెను. మా యన్నగారికిఁ గలిగినదియు నీ రోగమే. ఆయనకు నీ సీసా నెవరును బంపలేదు.

పరీక్షను బంపినది పెద్ద యాసుపత్రి గాదు. ప్రాథమికవైద్యముతో ముడివడిన యేర్పాటు. ఆ దేశమునఁ బ్రతివాని పేరును నొక ప్రాంతీయ వైద్యునివద్ద నమోదయి యుండును. ఆ జాబితాను బట్టి 50 మొదలు 74 సంవత్సరములవఱకుఁ గల వారికి రెండేండ్ల కొకసారి పిలుపు పోవును. బదులు రానిచో మఱల జాబు వ్రాయుదురు. అమెరికాలో నుత్తర కాలిఫోర్నియా ప్రాంతపు కైజర్ పర్మనెంటె వైద్యసంస్థ తన సభ్యులకుఁ బ్రతి సంవత్సరమును ఫిట్ పెట్టెలను తపాలాలోఁ బంపు పద్ధతిని బెట్టెను. 2000 మొదలు 2015 వఱకుఁ గల కాలములో సకాలమునఁ బరీక్ష జరిగినవారు నూటికి 39 నుండి 83కుఁ బెరిగిరి. ఈ కాన్సరు మరణములు సగమునకుఁ దగ్గెను. మందేమియుఁ గ్రొత్తది గాదు. పేరు వ్రాసికొనుట, పంపుట, గుర్తుచేయుట, ఫలితము వచ్చిన పిదప మనిషిని విడువకుండుట: బడిలో హాజరుపట్టీ నడిపినవాని కీ పని యెంతమాత్రమును వింత గాదు.

ఇప్పుడు ముఖ్యమైన మాట చెప్పెదను. నిద్రించుచున్నవారిని బ్రక్కవారు లేపుదురు గాక. మలపరీక్ష రోగనిర్ణయము గాదు. నెత్తురున్నదని వచ్చిన నూర్గురిలో నధికసంఖ్యాకులకుఁ గాన్సరుండదు. మొలలుండవచ్చును, పిలకలుండవచ్చును, ఏమియు లేకపోవచ్చును. నెత్తురు లేదని వచ్చినను సంపూర్ణమైన యభయము లేదు; ఒక్కసారి పరీక్షలో నూటికి నిరువదికిఁ బైగాఁ గాన్సరులు తప్పించుకొనును; అందుచేతనే యేఁటేఁటనో, రెండేండ్లకో మఱల చేయుట. నెత్తురున్నదని వచ్చినప్పుడుమాత్రము తరువాతి మెట్టు కొలనోస్కోపీయే. మఱల నొకసారి మలమును జూపి, రెండవమాఱు బాగుగా వచ్చినదని సంతోషించుట యాత్మవంచన. ఆ నెత్తురు దినమును గారునది గాదని ముందే విన్నవించితిని. ఇటలీలోని వెనెటో ప్రాంతమున నిట్లు నెత్తురు కనఁబడియుఁ గొలనోస్కోపీకిఁ బోనివారిని, పోయినవారిని బోల్చి చూచిరి. పోనివారిలో నీ కాన్సరు మరణములు రెట్టింపని 2021లోఁ బ్రకటించిరి. పది నెలలకు మించి యాలస్యము చేసినవారికి రోగము ముదిరి కనఁబడుట హెచ్చని కైజర్‌వారి 2017 నాఁటి లెక్క చెప్పుచున్నది.

కొలనోస్కోపీ యనఁగా మనవారికి భయము. నేను చేయించుకొంటిని. అన్నదమ్ములలోఁ గాని తలిదండ్రులలోఁ గాని యీ రోగమున్నవారు మలపరీక్షతో సరిపుచ్చుకొనక, నలువదవ యేఁటనుండియే వైద్యునిఁ గలసి యీ విషయము విచారింపవలెనని తెలిసికొని, నేనాలస్యముగానే పోయితిని. ముందటి రాత్రి త్రాగవలసిన యుప్పనినీళ్లు మిక్కిలి చెడ్డవి, ఆ రాత్రి నిద్రలేదు, ఇది నిజము. పరీక్షలో మత్తిచ్చిరి, నాకేమియుఁ దెలియలేదు. చాల యరుదుగాఁ బ్రేగునకు గాయమగుట, నెత్తురు కారుట కలదని వైద్యుఁడు ముందుగానే చెప్పెను. అది దాఁపక చెప్పినందులకే నాకాయనయందు నమ్మకము కలిగినది.

మఱియొక భేదమును గుర్తుంచుకొనవలెను. ఇంతవఱకుఁ జెప్పినది బాధలేమియు లేనివారి మాట. కంటికిఁ గనఁబడు నెత్తురు పడుచున్నను, విరేచనపు టలవాటు వారములతరబడి మాఱియున్నను, కారణము లేక రక్తహీనతయు, చిక్కుటయుఁ గలిగినను, సంఘ శిబిరము కొఱకు వేచియుండరాదు, వైద్యునియొద్దకుఁ బోయి, “మొలలే కావచ్చును, కాని లోపలఁ జూచి చెప్పుఁడు” అని యడుగవలెను. ఇంగ్లండులో నట్టివారికిఁ గూడఁ బ్రాథమికవైద్యుఁడు ఫిట్ చేయించి, యెవరిని ద్వరగాఁ బంపవలెనో నిర్ణయింపవచ్చునని 2023లో మార్గదర్శకము వెలువడినది. అక్కడఁ బరీక్షకు వెనుక నాసుపత్రి సిద్ధముగా నుండును. మన ప్రభుత్వము ప్రాథమిక కేంద్రములలో నోటి, రొమ్ము, గర్భాశయముఖ కాన్సరులకుఁ బరీక్షలు నిర్ణయించినది. పెద్దప్రేగు వానిలోఁ జేరలేదు. మన దేశమున నా మూఁడును హెచ్చు గావున నా నిర్ణయమును నేను తప్పు పట్టను. మన స్త్రీలు మొదట నా పరీక్షలకే పోవలెను.

ఇఁక రేపటి కార్యవర్గసమావేశపు విషయము. దాతలొకరు వేయి ఫిట్ పెట్టెలను గొనియిచ్చుటకు ముందుకు వచ్చిరి. వేసవి సెలవులలో నుచితశిబిరము పెట్టి, యొక్క దినమున వేయిమందికిఁ బంచి, ఫొటోలు తీయించి, వచ్చే సంచికలోఁ బ్రకటింపవలెనని సూచన. దాతగారి యౌదార్యమునకు నమస్కరించుచు, ఆ సూచనను నేను వ్యతిరేకించుచున్నాను.

వేయిమందిలో స్థూలముగా నేఁబదిమందికి నెత్తురున్నట్లు రావచ్చును. ఆ యేఁబదిమందికిఁ గొలనోస్కోపీ యెవరు చేయింతురు? సొమ్మెవరిత్తురు? మగ్గము నేయువాఁడు, భీవండిలో మరమగ్గముపై రాత్రిపాళి చేయువాఁడు రెండు దినముల కూలి మాని, యప్పు చేసి పోవునా? పోలేనివాని చేతిలో నెత్తురున్నదను కాగితముంచి పంపుట దానము గాదు; వానికి నిద్ర లేకుండఁ జేయుట. కావున నా ప్రతిసూచన యిది. వేయి పెట్టెలకు బదులు రెండువందలు కొందము. మిగిలిన సొమ్మును గొలనోస్కోపీ నిధిగా వేఱుంచుదము. ఏఁబదియేండ్లు దాఁటి, బాధలు లేని వారికే యిత్తము. ముందుగా నొక యాసుపత్రితో మాటాడి, యెన్ని దినములలోఁ జేయుదురో వ్రాఁతమూలముగాఁ దీసికొందము. నెత్తురు కనఁబడిన ప్రతివానికిని సంఘముననుండి యొక మనిషి తోడు పోవలెను. వేసవియు వద్దు, ఎండవేడికి సీసాలోని రక్తపదార్థము చెడి, యున్న నెత్తురు లేనట్లు కనఁబడును. పుష్యమాఘములలోఁ బెట్టుకొందము.

ఫొటోల మాట వేఱుగాఁ జెప్పవలెను. ఈ సభ యావరణములోనే వధూవరుల వివరముల బల్ల పెట్టియున్నారు. ఉదయమునుండి యచ్చటనే జనము హెచ్చు. “వారింటిలో నా జబ్బున్నదఁట” యను మాట యొకటి పుట్టిన, నొక పిల్లకు సంబంధము తప్పును. ఇది మనకందఱకుఁ దెలిసియు మాటాడని సంగతి. మా యన్నగారి కూఁతురి పెండ్లిమాటలప్పుడు మేము రోగమును “కడుపునొప్పి” యని చెప్పితిమి. అందుచే నేనెవరిని నిందింపఁజాలను. పేరులు సంచికలో రాకూడదు. ఫలితములు కార్యవర్గమునకుఁ గూడఁ దెలియకూడదు. వైద్యునికిని, తోడుపోవు మనిషికిని, ఆ యింటివారికిని మాత్రమే తెలియవలెను. స్త్రీలకు స్త్రీలే పంచి, స్త్రీలే తీసికొనవలెను. సీసాలపైఁ బేరులకు బదులు సంఖ్యలుంచి, పేరులపట్టీని వైద్యుఁడు తాళముక్రింద నుంచవలెను.

సోలాపురమునుండియు, సూరతునుండియు వచ్చిన బంధువులు తమ తమ యూళ్లలోఁ గొలనోస్కోపీ చేయు ధర్మాసుపత్రు లేవేవి కలవో, రుసుము లెంతయో విచారించి కార్యదర్శిగారికి వ్రాయఁ బ్రార్థన. విదేశములలో బిడ్డలున్నవా రీ రాత్రియే వారితో మాటాడునప్పుడు, తపాలాలో వచ్చిన సీసా సొరుగులో నున్నదేమో యొక్కమాట యడుగుఁడు. అమెరికాలో 2021 నుండి నలువదియైదవ యేఁటనే మొదలుపెట్టుమని చెప్పుచున్నారు. మన పిల్లలలో ననేకులకా వయస్సు వచ్చియే యున్నది.

నా ప్రతిసూచనను వ్రాఁతమూలముగా నధ్యక్షులవారి కిచ్చితిని. అన్నగారి పేర నా పించనులోనుండి పదివేల రూపాయలు కొలనోస్కోపీ నిధికని కోశాధికారిగారివద్దఁ గట్టితిని; నిధి యింకను బుట్టలేదని వారు రసీదు వ్రాయుటకు సంశయించుచున్నారు. రేపటి సమావేశమున నది పుట్టునని నా నమ్మకము.  భావనాఋషి చరిత్రమును వచ్చు సంవత్సరము చెప్పెదను.